మన ఇంటి మనిషి

గత వేసవిలో ఒకనాటి సాయంకాలము నా పూర్వ విద్యార్థిని ఒకతె మా ఇంటికి వచ్చెను. తిరువూరులో మా కళాశాలలోనే బి.కాం. చదివిన పిల్ల. మూడేండ్లుగా విజయవాడలో ఒక చిన్న కంపెనీలో లెక్కలు వ్రాయుచున్నది. కుశలప్రశ్నలు ముగిసిన పిమ్మట చేతిసంచిలోనుండి ఒక తెల్లకాగితము తీసి నా ముందుంచి, "సార్, రాజీనామా ఉత్తరం మీరు రాసిపెట్టాలి" అనెను. సంవత్సరాంతపు లెక్కలు తేల్చగల పిల్లకు నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయుట రాదా అని నాకు వింత తోచెను.

"వాళ్ళు బాధపడకుండా రాయాలి సార్. మా మేడం గారు నన్ను సొంత చెల్లెల్లా చూశారు."

జీతము ఏ తేదీన ఇత్తురని అడిగితిని. పదవ తేదీన, ఒక్కొక్క నెల పదునెనిమిదవ తేదీన అని చెప్పెను. ఆదివారముల సంగతి అడిగితిని. "పని ఉంటేనే పిలుస్తారు సార్" అని, కొంచెము ఆగి, "పని ఎప్పుడూ ఉంటుంది" అనెను. ప్రావిడెంటు ఫండు ఉన్నదా అనగా, "మా ఆఫీసులో ఎప్పుడూ పందొమ్మిది మందే సార్. ఇరవయ్యో మనిషి ఎవరొచ్చినా ట్రైనింగులోనే ఉంటారు" అని నవ్వెను. ఆ నవ్వు నాకు రుచింపలేదు. మూడేండ్లలో నియామక పత్రము ఏదైన చేతికి వచ్చెనా అని అడిగినప్పుడు మాత్రము ఆమె నా వైపు వింతగా చూచెను.

"అడగలేదు సార్. అడిగితే నమ్మకం లేదనుకుంటారు కదా."

ఈ మాటను నేను వినుట అది రెండవ పర్యాయము. మొదటి పర్యాయము ముప్పదియేండ్లకు పూర్వము, ఇదే ఊరిలో, అరువదేండ్లు సమీపించిన ఒక గుమాస్తా నోట వింటిని. ఆయన కథ చెప్పవలెనని చాలకాలముగా అనుకొనుచు వాయిదా వేయుచు వచ్చితిని. వాయిదాకు కారణము లేకపోలేదు. అందులో నాకును ఒక పాత్ర కలదు. అది చెప్పుకొని సంతోషింపదగినది కాదు.

1991లో బి.ఏ. ముగించితిని. ఎం.ఏ. చదువవలెనని కోరిక, ఇంటిలో అందుకు తగిన డబ్బు లేదు. తిరువూరు అప్పుడును ఇప్పుడును మెట్టసీమయే. డెల్టా తాలూకాల వరిపొలముల సౌఖ్యము మాకు తెలియదు. ప్రత్తి, మిరప, మామిడి మా పంటలు. వాన వచ్చిన బ్రతుకు, రాకున్న అప్పు. ఊరు దాటి కొంత దూరము పోగానే ఖమ్మము జిల్లా. 2022లో జిల్లాలను విభజించినప్పుడు మేము కృష్ణా జిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి మారితిమి గాని, చుట్టుపట్ల రైతులకు అంగడి మాత్రము మారలేదు. సరిహద్దుకు రెండు వైపుల పల్లెలవారును విత్తనములకు, ఎరువులకు, పురుగుమందులకు తిరువూరు వత్తురు. అట్టి ఒక వ్యాపార సంస్థలో నాకు పని దొరికెను. ముందు ఎరువుల దుకాణము, వెనుక గోదాము. వేసవిలో మామిడికాయల కమీషను వ్యాపారము అదనము. నా అక్షరము గుండ్రముగా ఉండునని లెక్కల బల్ల వద్ద కూర్చుండబెట్టిరి.

మేము మొత్తము పదునెనిమిది మందిమి. గుమాస్తాలు, కాటా చూచువారు, హమాలీలు, లారీ డ్రైవరు, గోదాము ఊడ్చు ఒక ముసలమ్మ. ఉదయము తొమ్మిదింటికి తీసిన తలుపులు రాత్రి తొమ్మిదింటికి మూయబడెడివి. తొలకరి రోజులలో పదకొండు గంటలకు. అప్పటి చట్టము ప్రకారము దుకాణములలో పని రోజునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబదియెనిమిది. ఆ సంగతి మాలో ఎవ్వరికిని తెలియదు. తెలిసిన ఒక్కరు షావుకారు గారు.

షావుకారు గారిని గురించి ముందుగా ఒక మాట చెప్పవలెను. ఆయన క్రూరుడు కాడు. కథలలోని వడ్డీవ్యాపారివలె మీసము దువ్వి పేదల నెత్తురు పీల్చినవాడు అంతకన్న కాడు. ఒక హమాలీ చేయి విరిగినప్పుడు తన కారులో తానే విజయవాడ తీసికొనిపోయి రెండు రాత్రులు ఆసుపత్రి వరండాలో గడిపినవాడు. ఉగాదికి అందరికిని బట్టలు పెట్టెడివారు. దసరాకు కాటాకు పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసి, మా చేతులలో స్వయముగా మిఠాయి పొట్లము లుంచెడివారు. ఎవరినిగాని పేరుపెట్టి గద్దించుట నేను చూడలేదు. అబ్బాయీ, తమ్ముడూ, బాబాయీ అని వరుసలు కలిపియే పిలిచెడివారు. క్రొత్తగా ఎవరు చేరినను ఆయన చెప్పు మాట ఒక్కటియే: "ఇక్కడ జీతగాళ్ళెవరూ లేరు. అందరూ మన ఇంటి మనుషులే."

ఆ మాట విన్నప్పుడు నాకు ఒడలు పులకరించినది. ఇరువదియొక్క ఏండ్ల వయసు.

ఆ మాటకు అర్థము నాకు నెలాఖరున తెలియవచ్చెను. జీతపుతేదీ యన్నది ఆ దుకాణములో లేదు. ఎవరికి ఎప్పుడు అవసరమో వారు అప్పుడు వెళ్ళి అడుగవలెను. బియ్యమునకు యాబది, పిల్లవానికి జ్వరమని ఇరువది, పండుగకు నూరు. షావుకారు గారు కాదనెడివారు కారు. వెంటనే గల్లాపెట్టె తెరచి ఇచ్చెడివారు. ఇచ్చినది నేను ఖాతాలో వ్రాసెడివాడను. ప్రతి మనిషికి ఒక పుట. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. సంవత్సరాంతమున లెక్క తేల్చగా మా పదునెనిమిది మందిలో పదునాలుగురు షావుకారు గారికి బాకీపడి యుండిరి. ఏడాది పొడవున పనిచేసినవాడు ఏడాది చివర అప్పుదారు డయ్యెను. అందులో మోసపు లెక్క యేమియు లేదు, కూడికలు అన్నియు సరియైనవే. వానిని చేసినవాడను నేనే.

జీతము అను మాటను నిఘంటువులు జీవితమునకు తద్భవముగా చెప్పుచున్నవి. నేను తరగతిలో ఈ మాట చెప్పినప్పుడెల్ల ఆ ఖాతాపుట నాకు జ్ఞాపకమునకు వచ్చును. జీతము నిర్ణీత దినమున చేతికి వచ్చిన, మనిషి దానిని తన జీవితముగా ఏర్పాటు చేసికొనగలడు. అడిగి తీసికొనవలసి వచ్చిన, అది ఇచ్చువాని మంచితనమగును. అడిగినవాడు ప్రతి పర్యాయము ఒక మెట్టు దిగును. దిగిన సంగతి అతనికిని తెలియదు, ఇచ్చినవానికిని తెలియదు. ఏలయనగా మధ్య నున్నది ప్రేమ.

ఇంటి మనుషులమను మాట ఒక వైపునకు మాత్రమే నడచెడిది. షావుకారు గారి ఇంట గ్యాసు బండ తెచ్చుట, పిల్లలను బడికి దింపుట, పెండ్లిలో విస్తరులు వేయుట మా పనులు. వడ్డన చేసినందులకు కూలి అడుగుట ఎట్లు? ఇంటి మనిషి కదా! కాని ఇల్లు కట్టినప్పుడు, పొలము కొన్నప్పుడు, లాభములు పంచుకొన్నప్పుడు ఆ ఇంటిలో ఎందరు మనుషులో లెక్క స్పష్టముగా ఉండెడిది. కంపెనీ అను మాట లాటిను మూలము నుండి వచ్చినది. ఒకే రొట్టె కలిసి తినువారని దాని అర్థము. వ్యుత్పత్తులను నమ్మి ఉద్యోగములో చేరరాదని భాషాశాస్త్రము చదివిన తరువాత గాని నాకు తెలియలేదు.

ఇక పెద్ద గుమాస్తా గారి సంగతి. మేమందరము ఆయనను బాబాయి గారు అనెడివారము. గంపలగూడెము వైపు పల్లె నుండి సైకిలు మీద వచ్చెడివారు. దుకాణము తెరచిన మొదటి సంవత్సరము నుండియు ఉన్నారు; నేను చేరునాటికి ఇరువదియొక్క ఏండ్లు. నూరుమంది రైతుల బాకీలు నోటికి చెప్పగలిగెడివారు. ఏ పల్లెలో ఏ ఏడాది పురుగు పడినదో, ఎవరి బాకీ ఎందుకు ఆగినదో, ఎవరిని అడుగవచ్చునో, ఎవరిని ఈ ఏటికి విడిచిపెట్టవలెనో ఆయనకు తెలియును. ప్రత్తి పోయి రైతు దుకాణము మెట్టెక్కలేక బయట నిలుచుండిన, బాబాయి గారే వెళ్ళి లోనికి పిలిచి టీ ఇప్పించెడివారు. ఆ రైతు మరుసటి ఏడు మా వద్దకే వచ్చెడివాడు. ఆ దుకాణమునకు పరపతి యన్నది ఆయన వలన వచ్చినదని నేను ఇప్పటికిని చెప్పగలను. ఆయన జీతము రోజునకు నలుబది రూపాయల లెక్కన, నెలకు ఇరువదియారు దినములకు 1,040 రూపాయలు.

నాకు లెక్కలు నేర్పినది ఆయనయే. ఒకనాడు ఆయనను, "బాబాయి గారూ, మీకు కాగితమేదైనా ఇచ్చారా? ఫలానా తేదీన చేరారని?" అని అడిగితిని. ఆయన కలము ఆపకుండ, "అడగలేదబ్బాయ్. అడిగితే నమ్మకం లేదనుకుంటారు" అనిరి. గుమాస్తా యన్నది పారసీక పదము. నియమింపబడినవాడని దాని అర్థము. ఇరువదియొక్క ఏండ్లు గుమాస్తాగా ఉన్న మనిషికి నియామకము లేదు.

అంతకన్న చెడ్డ సంగతి ఇంకొకటి కలదు. హాజరు రిజిష్టరు వ్రాయుట నా పని. రిజిష్టరులు రెండు. ఒకటి బల్లమీద ఉండెడిది. అందులో పదునెనిమిది పేర్లు. రెండవది బీరువాలో ఉండెడిది; కార్మికశాఖ అధికారి వచ్చినప్పుడు దానిని తీసి చూపవలెను. అందులో తొమ్మిది పేర్లే. ఎందుకు తొమ్మిదియో నాకు మొదట బోధపడలేదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము పదిమంది, అంతకు మించి పనిచేయు దుకాణములకు వర్తించెడిది. ఐదేండ్లు పనిచేసిన మనిషి మానుకొన్నప్పుడు ఏడాదికి పదునైదు దినముల జీతము చొప్పున ఇచ్చి పంపవలెనని దాని విధి. పది అను అంకె కనబడకుండుటకే తొమ్మిది. ఆ తొమ్మిది మంది ఎవరనుకొన్నారు? షావుకారు గారి తమ్ముని కుమారుడు, ఇద్దరు బంధువులు, మిగిలినవారు ఇటీవల చేరిన కుర్రవాండ్రు. ఎవరి సేవాకాలము ఎక్కువయో వారి పేరు అందులో ఉండరాదు. బాబాయి గారి పేరు లేదు. ఆ పుస్తకమును ముత్యములవంటి అక్షరములతో వ్రాసిన నా పేరును లేదు.

అధికారి వచ్చుచున్నాడని తెలిసిన దినమున మిగిలిన తొమ్మిది మందిమి మామిడికాయల గోదాములోనికి వెళ్ళి కూర్చుండెడివారము. బాబాయి గారు అక్కడ కూర్చుండి సైతము ఏదో ఒక పాత చిట్టా సరిచూచుకొనెడివారు. ఖాళీగా కూర్చుండి కూలి తీసికొనుట ఆయనకు ఇష్టము లేదు.

1993 వానకాలములో ఆయన కంటిలో పొర కమ్మినది. ఒక రైతు చీటీలో ఏడును ఒకటిగా వ్రాసిరి. సంస్థకు కొన్ని వందలు నష్టము. షావుకారు గారు కోపపడలేదు. మరుసటి నెల ఆయనను పిలిచి, "బాబాయ్, ఇక నువ్వు కష్టపడింది చాలు. ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకో" అనిరి. మా అందరి ఎదుట జరీపంచెల చాపు పెట్టి, శాలువా కప్పి, కాళ్ళకు నమస్కరించిరి. ఖాతాపుస్తకము తెమ్మని నన్ను పిలిచిరి. బాబాయి గారి పుటలో అప్పటికి 2,300 రూపాయలు బాకీ ఉండెను. కుమార్తె పెండ్లికి ఐదువేలు ఇచ్చియుండిరి గదా, దానిలో తీరగా మిగిలినది. "కొట్టెయ్ అబ్బాయ్. మన మనిషి దగ్గర బాకీలేమిటి" అనిరి. నేను ఎఱ్ఱసిరాతో గీత కొట్టితిని. బాబాయి గారి కన్నులు చెమ్మగిల్లినవి. షావుకారు గారి కన్నులును చెమ్మగిల్లినవి. నావియు.

రోజునకు నలుబది చొప్పున పదునైదు దినములకు ఆరువందలు. ఇరువదిరెండేండ్లకు 13,200 రూపాయలు. ఆ దినమున ఆయనకు చట్టప్రకారము రావలసినది అది. 2,300 మాఫీ చేయించుకొని, కృతజ్ఞతతో చేతులు జోడించి, సైకిలు నడిపించుకొనుచు ఆయన వెళ్ళిపోయిరి. ఈ లెక్క నాకు అప్పుడు తెలియదు. తెలిసియుండిన నోరు తెరచియుందునా? చెప్పలేను. మరుసటి సంవత్సరము నాలుగు డబ్బులు కూడగట్టుకొని ఎం.ఏ.లో చేరుటకు వెళ్ళితిని గాని, మనస్సాక్షి పొడిచి పని మానుకొన్నవాడను కాను.

చిన్న వ్యాపారమునకు అంత భారము తగునా అని అడుగువారున్నారు. ఆ ప్రశ్న అబద్ధపు ప్రశ్న కాదు. షావుకారు గారికిని కష్టములుండెడివి. మందుల కంపెనీలవారు బాకీకి మెడపై కూర్చుండెడివారు, పంట పోయిన రైతు చెల్లింపలేడు, మధ్య నలుగునది దుకాణదారుడు. కాని ఏడాదికి ఆరువందలనగా నెలకు యాబది రూపాయలు. రైతులకు తెప్పించు టీ ఖాతా కూడ నేనే వ్రాసితిని. అది ఆ మొత్తమునకు ఎన్నో రెట్లు ఉండెడిది. డబ్బు లేకపోవుట వలన ఆ తొమ్మిది పుట్టలేదు. ఇంటి మనిషికి హక్కు ఏమిటను ఆలోచన వలన పుట్టినది. జీతగాడని ఒప్పుకొన్నచో కాగితము ఇవ్వవలెను. కుటుంబమని ఒప్పుకొన్నచో పాలు ఇవ్వవలెను. మాటలో కుటుంబము, చేతలో జీతగాడు అయినచో రెండును ఇవ్వనక్కరలేదు. ఆ సందులో బాబాయి గారి ఇరువదిరెండేండ్లు జారిపోయినవి.

మన సాహిత్యములో గుమాస్తా క్రొత్తవాడు కాడు. ఆచార్య ఆత్రేయ వ్రాసిన ఎన్.జి.ఓ. నాటకము ఊరూర ఆడినది. 1953లో గుమాస్తా అను పేర చలనచిత్రముగను వచ్చినది. రావిశాస్త్రి గారి అల్పజీవిలోని సుబ్బయ్యను ఎఱుగని సాహిత్య విద్యార్థి ఉండడు. వారి దైన్యమునకు, పిరికితనమునకు మనము జాలిపడితిమి. అయితే ఆత్రేయ గుమాస్తా సర్కారు కొలువులోనివాడు. కష్టము ఎంత యున్నను అతనికి ఒక జీతపుతేదీ కలదు, ఒక సర్వీసు పుస్తకము కలదు, పేరు పెట్టుకొని అడుగుటకు ఒక సంఘము కలదు. ఎరువుల కొట్టు గుమాస్తాను, బట్టల దుకాణపు సేల్స్‌మన్‌ను, ప్రెస్సులో అక్షరములు కూర్చువానిని గురించి మనము వ్రాసినది తక్కువ. వ్రాసినచోట కూడ జాలి యెక్కువ, ఖాతాపుట తక్కువ.

పేరు లేకుండ పనిచేయుట అంతయు అన్యాయమే యని నా అభిప్రాయము కాదు. మనమందరము చిన్ననాడు చదివిన చందమామను తీసికొనుడు. 1947 జూలైలో ఆరంభమైన ఆ పత్రికలో కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుండి 1980లో మరణించు వరకు పనిచేసిరి. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1952లో చేరి యాబదేండ్లకు పైగా ఉండిరి. తోకచుక్క మొదలుకొని పిల్లలు నెలనెలా ఎదురుచూచిన జానపద ధారావాహికలు ఆయనవి. వానిపై ఆయన పేరు అచ్చు కాలేదు. అది ఆ పత్రిక సంప్రదాయము. పాఠకునకు పేరు తెలియకపోవుటకు రచయిత సమ్మతించి యుండవచ్చును. హాజరు పుస్తకములో పేరు లేకపోవుట అట్టిది కాదు. దానికి ఎవరి సమ్మతియు అడుగబడదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇది అంగడివారి సంగతియని తోచవచ్చును. తోచదనియే నా నమ్మకము. మీలో అనేకులు ప్రైవేటు పాఠశాలలలో పనిచేసినవారు, చేయుచున్నవారు. పదిమాసములకే జీతము, వేసవికి లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యము బీరువాలో. మాట మాత్రము విద్యాకుటుంబము. 2020 మార్చిలో మహమ్మారి వచ్చి బడులు మూతపడినప్పుడు ఆ కుటుంబము ఎంతవరకు కుటుంబమో తెలిసినది. నేనెఱిగిన ఒక తెలుగు పండితుడు తోపుడుబండిపై కూరగాయలు అమ్మెను. మా సరిహద్దునకు అవతల, తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్‌లో గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చుటకు పూనుకొనెను. మంచి పనియే. కాని సాయము అందవలెనన్న ఆ మనిషి ఆ బడిలో పనిచేయుచున్నట్లు లెక్కలలో ఉండవలెను గదా. ఇంటి మనుషులయి మిగిలినవారికి తాము ఉపాధ్యాయులమని నిరూపించుకొనుట ఒక పని యయ్యెను.

చట్టములు మారినవి. పార్లమెంటు 2019, 2020లలో ఆమోదించిన నాలుగు కార్మిక స్మృతులను కేంద్రప్రభుత్వము 2025 నవంబరు 21న అమలులోనికి తెచ్చెను. పాత చట్టములు ఇరువదితొమ్మిది వానిలో కలిసిపోయినవి. ప్రతి కార్మికునకు నియామక పత్రము ఇవ్వవలెనను విధి క్రొత్తగా వచ్చినది. నిర్ణీత కాలమునకు నియమితుడైన ఉద్యోగికి ఒక్క ఏడాది సేవకే గ్రాట్యుటీ వర్తించునను విధియు వచ్చినది. సంతోషము. అయితే గ్రాట్యుటీకి పది, ప్రావిడెంటు ఫండునకు ఇరువది అను అంకెలు అట్లే ఉన్నవి. అంకె యున్నచోట దానికి ఒకటి తక్కువగా లెక్కించు నేర్పు మనకు కలదు. విజయవాడ కంపెనీలోని పందొమ్మిది మంది, మా దుకాణములోని తొమ్మిది మందికి తమ్ములు.

ఆ అంకెను వ్రాయునది యజమాని కాడు. ఆయనకు అక్షరము గుండ్రముగా రాదు, తీరికయు లేదు. వ్రాయునది మన తరగతిలో కూర్చుండి చదివిన పిల్లవాడే, పిల్లయే. మొదటి ఉద్యోగము, మొదటి నెల. "ఇలా రాయి తల్లీ, మన ఇంటి విషయం" అని మెల్లగా చెప్పుదురు. ఆ గడియలో ఏమి చేయవలెనో మన పాఠ్యపుస్తకములలో ఎక్కడను లేదు. లేఖారచనములో సెలవుచీటీ వ్రాయుట నేర్పుదుము, సంపాదకునికి లేఖ వ్రాయుట నేర్పుదుము. నియామక పత్రములో ఏ విషయములు ఉండవలెనో చదివి తెలిసికొనుట పదవ తరగతిలో ఒక పాఠము చేసిన వ్యాకరణమునకు వచ్చు నష్టము లేదు.

ఎం.ఏ. ముగించి ఉద్యోగము దొరికిన తరువాత, గ్రాట్యుటీ చట్టము ఒకనాడు చేతికి చిక్కి చదివితిని. 13,200 అను లెక్క అప్పుడు కట్టితిని. కాగితముపై వ్రాసికొని, 1997 ఉగాది మరునాడు బాబాయి గారి ఊరికి వెళ్ళితిని. అప్పటికి ఒక కంటికి చూపు పూర్తిగా పోయినది. కంఠస్వరమునుబట్టి గుర్తుపట్టి, "నువ్వా అబ్బాయ్, పంతులువైనావంటగా" అని నవ్విరి. అరుగుమీద కూర్చుండి లెక్క అంతయు వివరించితిని. చిన్నప్పుడు నాకు కూడికలు నేర్పిన మనిషి వ్రేళ్ళు మడచుచు వినిరి.

"పదమూడు వేలా?" అనిరి.

అవునంటిని. దరఖాస్తు పెట్టవచ్చునని, ఆలస్యమైనను ప్రయత్నింపవచ్చునని చెప్పితిని.

"దేన్ని చూపిస్తాం?"

రిజిష్టరు సంగతి చెప్పక తప్పలేదు. అందులో ఆయన పేరు లేదని చెప్పితిని. గోదాములో కూర్చుండిన దినములు ఆయనకును జ్ఞాపకమున్నవి గాని, తన పేరు పుస్తకములోనే లేదని అంతవరకు తెలియదు; అధికారికి భోజనపు వేళ అడ్డు రాకుండుటకు మమ్మునందరిని వెనుకకు పంపుదురని ఆయన నమ్మియుండిరి.

"ఆ పుస్తకం రాసింది నువ్వే కదూ?"

"నేనే బాబాయి గారూ."

ఆయన చాల సేపు వీధివైపు ముఖము త్రిప్పి కూర్చుండిరి. పిమ్మట లోపలికి కేకవేసి, పంతులుగారికి మజ్జిగ తెమ్మని మనుమరాలితో చెప్పిరి. దరఖాస్తు మాట మరల ఎత్తలేదు. ఆ పై ఏడాది ఆయన పోయినట్లు తెలిసినది.

పూర్వ విద్యార్థినికి రాజీనామా ఉత్తరము వ్రాసియిచ్చితిని. తనను సొంత చెల్లెలివలె చూచినందులకు కృతజ్ఞతలను వాక్యము తప్పక ఉండవలెనని ఆమె పట్టుపట్టెను, ఉంచితిని. దాని క్రింద చేరిన తేదీ, విడుచు తేదీ, రావలసిన జీతము, సేవా ధ్రువపత్రము అని నాలుగు పంక్తులు చేర్చితిని. ఆమె వానిని రెండు మూడు పర్యాయములు చదివి, "ఇవి ఉంటే బాధపడతారేమో సార్" అనెను. కాగితము మడచి సంచిలో పెట్టుకొని బస్సు వేళ అయినదని లేచెను. ఆ నాలుగు పంక్తులును ఉంచి ఇచ్చెనో, క్రొత్తగా వ్రాసికొనెనో ఇంతవరకు నాకు చెప్పలేదు.